పదమూడో పందెం

"ఎర్రమట్టి రేగనీ... ఎడమచేతికి తిరగనీ...
నాలుగు చుట్లు చుట్టి వచ్చి నా కొంగే గెలవనీ...
చలిగాలి ఏదో... ఏదో చెయ్యనీ..."

మూడో వరస దగ్గర ఎప్పుడూ ఆగిపోతుంది మావిస్‌కి. తొమ్మిదేళ్ళప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని పాడిన పాట అది. ఆ రోజుల్లో గురువారం సాయంత్రమైతే ఊరు ఊరంతా పాడేది. పోయిన ముక్క అందించేవాళ్ళు ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు.

ఆ పాట పాడిన చోటికి చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు కూడా.

థాక్స్‌బీ ఊరి చివర, పాత గ్యాసు గోదాముల వెనకాల ఉంది ఆ మైదానం. కొంగల జట్టు మైదానం. బ్రేకుల్లేని మోటారు సైకిళ్ళ పందేలు అక్కడ. నలుగురు మనుషులు, నాలుగు చుట్లు, నిమిషంలో అంతా అయిపోయేది. దానికోసం జనం అరవై ఏళ్ళు వానలో నిలబడ్డారు. మలుపు దగ్గర ఎర్రమట్టి లేచి మొహాన కొడితే, తుడుచుకుని నవ్వుకున్నారు.

మైదానం మూతబడి రెండు చలికాలాలైంది. గేటుకి తాళం. తాళానికి తుప్పు.

అయినా గురువారం వస్తే... సరిగ్గా ఏడున్నరకి... లోపల బండి మోగుతుంది.

ఒకసారి కాదు. నిమిషం పాటు మోగి ఆగుతుంది. కాసేపుండి మళ్ళీ మోగుతుంది. అలా పన్నెండు సార్లు. పన్నెండోది అయిపోయాక... నిశ్శబ్దం. అప్పుడు గాలిలో ఆముదం కాలిన వాసన వస్తుందట. ఆ పందెం బళ్ళకి వాడే నూనె వాసన.

"పదమూడోది మాత్రం విన్నవాళ్ళు లేరు," అంది చేపల కొట్టు బెరిల్, వేయించే మూకుడు మీదనుంచి వంగి, గొంతు తగ్గించి. "విన్నవాడు చెప్పడానికి మిగలడట. మొన్న టాక్సీ అతను అటు తిప్పాడు. మూడో మలుపులో దీపం చూశాడు. గాలిలో తేలుతున్న దీపం. మనిషి ఇంకా తేరుకోలేదు."

"ఆ టాక్సీ అతను సాయంత్రం ఏం తాగాడో అడిగావా?" అంది మావిస్.

"నవ్వు నవ్వు. నువ్వు అటు వెళ్ళకు, అంతే. సోమవారం ఎలాగూ యంత్రాలొచ్చి పడగొట్టేస్తాయి. పీడా పోతుంది."

మావిస్ చేపల పొట్లం అందుకుంది. దానిమీద వెనిగర్ ఎంత చల్లుకుందో ఆమెకే తెలియలేదు.

పన్నెండు.

ఊళ్ళో అందరికీ అది లెక్క. మావిస్‌కి మాత్రం అది మొగుడు. క్లిఫ్ చూసిన ఆఖరి పందెం పన్నెండోది.

మూడేళ్ళ కిందటి మాట. అక్టోబరు నెల, ఆ ఏటి పందేలకి చివరి గురువారం. ఒక సాయంత్రానికి పదిహేను పందేలు. చేతిలో పల్చటి పందెం పుస్తకం, చెవి మీద పెన్సిలు. ఒక్కో పందెం అవగానే ఎవరు ముందు, ఎవరు వెనక అని గళ్ళలో అంకెలు వెయ్యాలి. ముందొచ్చినవాడికి మూడు, తర్వాత రెండు, ఒకటి, సున్నా. కలంతో రాయకూడదు, వానకి కారిపోతుంది. పక్కరోజు పేపరు చూసి అసలు రాయకూడదు. కళ్ళతో చూసిందే రాయాలి, చూడని గడి ఖాళీగా వదలాలి. పేపరు చూసి నింపిన పుస్తకం పుస్తకమే కాదని క్లిఫ్ అనేవాడు. అతనొక్కడే కాదు, మెట్ల మీది ఇనప కడ్డీ పట్టుకుని నిలబడ్డ ప్రతివాడూ అదే అనేవాడు.

ఆ రోజు పన్నెండో పందెం మావిస్ రాసింది. నీలం టోపీ పెట్టుకున్న కొంగల జట్టువాడికి ఒకటి వేసింది. క్లిఫ్ చూశాడు.

"నీలానికి రెండు. మనవాడిని తీసుకెళ్ళి మూడో స్థానంలో పడేశావు. నాతో ముప్పై అయిదేళ్ళు వచ్చావు, నీలమేదో తెలుపేదో ఇంకా తెలియదు నీకు," అని రబ్బరు తీసి చెరిపేశాడు. రెండు మెట్ల కింద, కడ్డీ దగ్గర ఎప్పుడూ తనతో నిలబడే హొరేస్ ముందరే. హొరేస్ బూట్లు చూసుకున్నాడు.

మావిస్‌కి రోషమొచ్చింది. "అయితే నీ పుస్తకం నువ్వే రాసుకో. నీ టీ కూడా నువ్వే తెచ్చుకో," అంది.

ఆ వారం టీ తేవడం ఆమె వంతు.

క్లిఫ్ పుస్తకం ఆమె ఒళ్ళో పెట్టాడు. పెన్సిలు పెట్టాడు. రెండు మెట్లు దిగి, హొరేస్ పక్కన ఆగి, వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. సరిగ్గా అప్పుడే పదమూడో పందెం బళ్ళు మొదలయ్యాయి. మాట వినబడలేదు.

ఏమన్నావు అని అడగొచ్చు. అడగలేదు. మొహం అటు తిప్పుకుంది.

టీ కొట్టు దాకా ఇరవై రెండు మెట్లు. రెండు కప్పులు చేతిలో పట్టుకుని తిరిగి ఎక్కుతూ పద్నాలుగో మెట్టు మీద కూలిపోయాడు క్లిఫ్. ఆసుపత్రికి చేరేసరికే అయిపోయింది.

ఏమన్నాడు?

మూడేళ్ళుగా రాత్రి పక్క ఎక్కితే అదే ప్రశ్న. తిట్టాడా? తిట్టే ఉంటాడు. తిట్టించుకునే మాటే అంది తను. లేక ఒంట్లో బాగోలేదని చెప్పాడా... నువ్వు వెళ్ళు మావిస్, నాకు ఆయాసంగా ఉంది అన్నాడా... అని ఉంటే తను మొహం తిప్పుకుందా?

అక్కడికి వచ్చేసరికి ఇక ఆలోచన సాగదు. లేచి దీపం వేసుకుని కూర్చుంటుంది.

అందుకే ఊళ్ళో అందరూ దెయ్యం అని భయపడుతుంటే, మావిస్ ఒక్కతే మనసులో ఇంకోలా అనుకుంది. దెయ్యమే అయితే అయింది. నా దెయ్యమే అయితే... అడగొచ్చు కదా.

సోమవారం యంత్రాలొస్తాయి. మిగిలింది ఒక్క గురువారం.

ఏడు గంటలకి మావిస్ కోటు తొడుక్కుంది. సంచిలో ఆ పందెం పుస్తకం పెట్టుకుంది. పన్నెండు వరసలు నిండి, మూడు వరసలు ఖాళీగా ఉన్న పుస్తకం. క్లిఫ్ పళ్ళగాట్లున్న పెన్సిలు కూడా.

ముందు గేటు కాదు. వెనక, బళ్ళు సర్దుకునే కొట్టాల దగ్గర కంచెలో ఒక రేకు ఊగుతుంది. చిన్నప్పుడు టికెట్టు లేనినాడు దూరిన దారి. అరవై ఆరేళ్ళ ఒంటితో మళ్ళీ దూరింది.

లోపల చీకటి.

గడ్డి మోకాళ్ళ దాకా. గాలికి టిన్ను కప్పు మూలిగింది. మూలగడం ఆగింది.

అప్పుడు... మోగింది.

బండి శబ్దం. మలుపులో కింద పడబోయి పడకుండా లేచే ఆ అరుపు. కళ్ళ ముందు బాట మీద మాత్రం ఏమీ లేదు. బండి లేదు. మట్టి లేవలేదు. గడ్డి కూడా కదల్లేదు. ఖాళీ మైదానం చుట్టూ శబ్దం ఒక్కటే తిరుగుతోంది.

ఒకటి... అని లెక్కపెట్టింది.

కంచె పట్టుకుని మెల్లగా నడిచింది. రెండు... మూడు... నాలుగు...

తొమ్మిదోదానికి మెట్ల కిందకి చేరింది. పదోదానికి దీపం కనబడింది. మూడో మలుపులో, ఇనప కడ్డీ మీద, చిన్న పసుపు దీపం. దీపం ఎదురుగా వీపు.

నీలం తెలుపు కోటు. కొంగల జట్టు కోటు. వీపు నిండా, చేతుల నిండా గుచ్చిన బిళ్ళలు. గాలికి బిళ్ళలు ఒకదానికొకటి తగిలి సన్నగా గలగలమంటున్నాయి.

సరిగ్గా క్లిఫ్ నిలబడే చోటు పక్కనే.

పదకొండు...

మెట్లు ఎక్కింది. పద్నాలుగో మెట్టు మీద ఒక్కసారి ఆగింది. దాటింది.

పన్నెండు...

శబ్దం ఆగింది. ఆ వీపు వంగి, చీకట్లో ఏదో నొక్కింది. టక్కుమంది.

"క్లిఫ్?"

ఆ మనిషి ఎగిరి పడ్డాడు. ఫ్లాస్కు కింద పడి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

"ఎవరది?" అని కడ్డీకి అతుక్కుపోయాడు. "దగ్గరికి రాకు... నేను ఎవరికీ ఏం చెయ్యలేదు."

"నేను దెయ్యాన్ని కాను," అంది మావిస్.

"నేనూ కాను."

అతను దీపం పైకెత్తాడు.

"మావిస్?"

హొరేస్. ముప్పై ఏళ్ళు క్లిఫ్ పక్కన నిలబడ్డ హొరేస్. కడ్డీ దగ్గర స్నేహం అలాంటిది. మనిషి ఏ బిస్కట్టు తింటాడో తెలుస్తుంది, ఇంటిపేరు తెలియదు. మావిస్ ఆ రోజు తర్వాత మైదానానికి రాలేదు. హొరేస్‌కి ఆమె ఇల్లు ఎక్కడో తెలియదు.

బెంచీ మీద ఒక టేపు రికార్డరు ఉంది. పెద్దది, పాతది. విరిగిన పిడికి దారం కట్టి ఉంది.

"ఇదా దెయ్యం?" అంది మావిస్. ఎందుకో ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళుగానో అనుకున్నది ఒక్క క్షణంలో చేతిలోంచి జారిపోయినట్టనిపించింది.

"మా అక్కకోసం చేసేవాణ్ణి," అన్నాడు హొరేస్. "విన్నీ. పదకొండేళ్ళు మంచం దిగలేదు. ప్రతి గురువారం కోటు జేబులో చిన్న యంత్రం పెట్టుకుని రికార్డు చేసేవాణ్ణి. పక్కరోజు అక్కకి వినిపిస్తే, మంచంలో పడుకునే పుస్తకం నింపేది. పోయినేడు పోయింది."

"నాకు తెలియదు."

"నువ్వెప్పుడూ అడగలేదు. నేనెప్పుడూ చెప్పలేదు. అరుపుల మధ్య చెప్పుకునే మాటలా ఇవి?"

మావిస్ బెంచీ మీద కూర్చుంది. బెంచీ మంచులా ఉంది.

"ఎప్పుడూ పన్నెండే ఎందుకు వేస్తావు?"

హొరేస్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది ఆ రోజు టేపే," అన్నాడు చివరికి. "ఇన్నేళ్ళ టేపులున్నాయి ఇంట్లో. ఇదొక్కటే తెస్తాను. పన్నెండు దాకా క్లిఫ్ బతికే ఉన్నాడు కదా తల్లీ. పన్నెండు దాకా నా పక్కనే ఉన్నాడు. అక్కడ ఆపేసి ఇంటికి పోతాను."

గాలి ఆగిపోయింది. ఎక్కడో దూరంగా రైలు పోయిన చప్పుడు.

"అతను దిగేటప్పుడు ఏదో అన్నాడు," అంది మావిస్. "నీ పక్కనే ఆగి అన్నాడు. నేను వినలేదు."

"తెలుసు."

"నీ జేబులో యంత్రం ఉంది."

"ఉంది."

"పడిందా అందులో?"

హొరేస్ దీపం వంక చూశాడు. "నువ్వన్నది కూడా పడింది తల్లీ. టీ సంగతి. అది నీ చెవిన పడకూడదనే... నీ ఇల్లు వెతకలేదు. వెతికితే దొరికేదే. ఈ ఊరెంత?"

"ఆ టేపు వెయ్యి."

"సోమవారంతో ఈ చోటు పోతుంది. దాంతో పాటే పోనీ అనుకున్నాను."

"హొరేస్. వెయ్యి."

ఆమె సంచిలోంచి పుస్తకం తీసింది. ఒళ్ళో పరిచి, పదమూడో వరస దగ్గర వేలు పెట్టుకుంది. పెన్సిలు మొన చూసుకుంది. కళ్ళతో చూసిందే రాయాలి... చెవితో విన్నది రాయొచ్చో లేదో చెప్పడానికి మనిషి లేడు. విన్నీ రాసింది కదా అనుకుంది.

అప్పుడు వచ్చింది వాసన.

ఆముదం కాలిన వాసన. వెచ్చగా, తియ్యగా, గొంతులో పట్టుకునేలా. చిన్నప్పుడు నాన్న భుజాల మీద పీల్చిన వాసన.

"నూనె ఏదైనా కాల్చావా?" అని గుసగుసగా అడిగింది.

"లేదు," అన్నాడు హొరేస్. అతని మొహం పాలిపోయి ఉంది. "నాకూ ప్రతిసారీ వస్తుంది. పన్నెండు అవగానే వస్తుంది. నేనెందుకని అడగను. ఆపేసి పోతాను."

ఈసారి ఆపలేదు. నొక్కాడు.

గరగర. గాలి. మైకులో మనిషి పన్నెండో పందెం ఫలితం చెబుతున్నాడు. నీలానికి రెండు. అవును, రెండే. తనే తప్పు రాసింది. ఎవరో దగ్గారు. రబ్బరు కాగితం మీద రుద్దిన చప్పుడు. తర్వాత తన గొంతే, మూడేళ్ళు చిన్నదై, కోపంగా... టీ కూడా నువ్వే తెచ్చుకో.

మావిస్ కళ్ళు మూసుకుంది. హొరేస్ చెయ్యి ఆమె భుజం మీదకి వచ్చి, అక్కడే ఉండిపోయింది.

బూట్ల చప్పుడు. ఒక మెట్టు. ఇంకో మెట్టు. ఆగింది. దూరంగా ఒక బండి దగ్గి రాజుకుంది, రెండోది రాజుకుంది... పదమూడో పందెం. ఆ హోరు పెరిగి మీదకి రాకముందే, చెవి పక్కనే, కోపం లేని గొంతు, కాస్త నవ్వుతున్నట్టు కూడా ఉంది.

"పదమూడోది నువ్వు రాయి, మావిస్. తప్పు రాసినా పర్లేదులే... నేనొచ్చి దిద్దుకుంటాను."