నాలుగంతస్తులు, సున్నా లెక్క

"ఇది బ్యాండా, ఆటబొమ్మా?"

ఇటలీలోని నేపుల్స్‌లో, సానిటా పేట మొత్తానికి అతి చిన్న కొట్టు కతెల్లో అనే కుర్రాడిది. ఫోన్లూ వాచీలూ బాగుచేస్తాడు. మనిషి ఆరడుగుల పైనే కాబట్టి, అతను లేచి నిలబడితే కొట్లో ఇంకెవరికీ చోటుండదు. అలాంటి కొట్లోకి ఆ పొద్దున ఫిలొమెనా దూసుకొచ్చి, బల్ల మీద ఫిట్‌నెస్ బ్యాండ్ ఠపీమని పెట్టింది.

"ఏమైందండీ?"

"మీ దగ్గర కొని పదిరోజులైంది. అడుగులు లెక్కపెడుతుంది, గుండె లెక్కపెడుతుంది. మెట్లు మాత్రం సున్నా! మా నాన్న రోజూ నాలుగంతస్తులు దిగి ఎక్కుతున్నాడు. దీనికేమన్నా కళ్ళుపోయాయా?"

పక్కవీధి మిఠాయి కొట్లో పనిచేసే పిల్ల. చెంప మీద పిండి అంటుకుని ఉంది. ఆ పిండిని చూస్తూ కతెల్లో సగం మాటలు వినలేదు.

"వింటున్నారా?"

"ఆఁ, వింటున్నా! ఆయన ఎక్కేటప్పుడు చేతులు ఊపుతారా, కమ్మీ పట్టుకుంటారా?"

"చేతులూపుకుంటూ ఎక్కడానికి ఆయనేం సిపాయా? ఫిబ్రవరిలో గుండెపోటు వచ్చిన మనిషి." ఆమె గొంతు తగ్గించింది. "రోజూ మెట్లెక్కితేనే గుండె బలపడుతుందన్నారు డాక్టర్. నేను పగలంతా పనిలో ఉంటాను. ఆయన ఎక్కుతున్నాడో లేదో నాకు చెప్పేది ఇదొక్కటే."

కతెల్లో ఆ రోజు వేరే పని ముట్టుకోలేదు. ఎక్కిన ఎత్తుని పసిగట్టడానికి గాలి ఒత్తిడి కొలిచే సూదిమొనంత రంధ్రాన్ని మెత్తటి బ్రష్‌తో తుడిచాడు. రీసెట్ చేశాడు. యాప్‌లో ఎత్తు సరిచేశాడు. చేతికి కట్టుకుని పిన్ని ఇంటి ఆరంతస్తులూ ఎక్కాడు. కమ్మీ పట్టుకుని ఒకసారి, వదిలేసి ఒకసారి. రెండుసార్లూ ఆరు చూపించింది.

బ్యాండ్ భేషుగ్గా ఉంది. ఆ మాట చెప్పేస్తే అయిపోయేది. కానీ చెబితే ఆమె మళ్ళీ రాదు కదా!

"రెండ్రోజులు వాడి చూసి తెండి" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

తెచ్చింది. మళ్ళీ సున్నా. అప్పుడు కతెల్లోకి సిగ్గుతో పాటు భయం కూడా వేసింది. బ్యాండ్ బాగుంటే, ఎక్కనిది మనిషే.

ఇంకొక్కరోజు చూడమని బ్యాండ్ ఆమెకే తిరిగిచ్చి, మర్నాడు మధ్యాహ్నం కొట్టు మూసి ఆమె ఉండే వీధికి వెళ్ళాడు. ఆ పేటలో రొట్టె, కూరలు తాడు కట్టిన బుట్టలోనే పై అంతస్తులకి వెళ్తాయి. నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి అలాంటి బుట్టే ఒకటి దిగింది. ఖాళీ బుట్ట. దాని పిడికి బ్యాండ్ కట్టి ఉంది. నేలకి తగిలి, కాసేపు ఆగి, మెల్లగా మళ్ళీ పైకి బయల్దేరింది.

"డొన్ ఆనియెల్లో!" అని ఫిలొమెనా నాన్నని మర్యాదగా పేరుపెట్టి కేకేశాడు.

బుట్ట గాల్లో ఆగిపోయింది.

కతెల్లో గబగబా పైకెళ్ళేసరికి ముసలాయన తలుపు తీసి, దబాయింపుకి దిగాడు. "నాలుగంతస్తులు దిగింది, నాలుగు ఎక్కింది. దానికింకేం కావాలి?"

"అడుగులు కూడా పడాలండీ. ఎత్తు, అడుగు రెండూ కలిస్తేనే అంతస్తు."

"అడుగులా? వసారాలో తిరుగుతున్నాగా, మూడువేలు!" అని, అంతలోనే కుర్చీలో కూలబడ్డాడు. "గుండెపోటొచ్చి మూడో అంతస్తు మలుపులోనే పడిపోయాను అబ్బాయ్. అక్కడికొస్తే నా కాళ్ళు నా మాట వినవు. పిల్లకి చెప్పకు. అది నిద్రపోక నెలలైంది."

కతెల్లో మనసు కరిగిపోయింది. "వారం దాకా చెప్పను. కానీ రోజూ మధ్యాహ్నం నేనొస్తాను. మీరు నాతో మెట్లు దిగి ఎక్కాలి."

ఆ వారం బ్యాండ్‌ని రిపేరు పేరుతో కొట్లోనే ఉంచుకున్నాడు. మెట్ల మీద ముసలాయన రోజుకి కొంచెం ముందుకెళ్తున్నాడు. సాయంత్రాలు కొట్లో ఫిలొమెనా మాత్రం మండిపడుతోంది.

ఆరోరోజు ఇక ఆగలేదు. "నేను గుండె గురించి అడుగుతుంటే మీరు రేపు, ఎల్లుండి అంటారు! చేతకాకపోతే చెప్పొచ్చుగా? ఇటివ్వండి."

లాక్కుని వెళ్ళిపోయింది. చెబుదామంటే ముసలాయనకిచ్చిన మాట అడ్డం. కతెల్లోకి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం మిఠాయి కొట్లో ఫిలొమెనా ఫోన్ తీసి బ్యాండ్ లెక్క చూసింది. ఎక్కిన అంతస్తులు: ఒకటి. కళ్ళు నులుముకుంది. రెండు. ఆ తర్వాత లెక్క ఆగిపోయింది. నాన్న గుండె మాత్రం నిమిషానికి నూటపదిహేనుసార్లు కొట్టుకుంటోంది.

ఏప్రన్‌తోనే పరిగెత్తింది.

మూడో అంతస్తు మలుపులో నాన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన చెయ్యి పట్టుకుని కతెల్లో.

"నాన్నా!"

"అరవకే. ఊపిరి పీల్చుకుంటున్నా, అంతే." తర్వాత ఆయన తల దించుకుని బుట్ట సంగతంతా చెప్పేశాడు.

"బుట్టలోనా?" ఫిలొమెనాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "భయంగా ఉందని నాకు చెప్పలేకపోయావా నాన్నా?"

"నీ భయం చాలదా తల్లీ, నాది కూడానా?" ఆయన కమ్మీ పట్టుకుని లేచాడు. "కదలకండి ఇద్దరూ. ఈ మలుపు నేనొక్కణ్ణే దాటాలి."

ఒక మెట్టు. ఇంకొకటి. కింద ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"బ్యాండ్ ఎప్పుడు బాగైంది?" ఆమె కళ్ళు తిప్పకుండానే అడిగింది.

"అసలు పాడవలేదు. నాకు మొదటిరోజే తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ?"

"వారం మీ నాన్నగారి కోసం. మొదటి రెండ్రోజులు మాత్రం..." కతెల్లో గోడకేసి చూశాడు. "మీరు మళ్ళీ వస్తారని. ఆయన ఎక్కుతున్నారో లేదో ఆలోచించకుండా, నా సంతోషం చూసుకున్నాను. తప్పే. ఇప్పుడు తిట్టినా పడతాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

ఆమె ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది.

"ఆ రెండ్రోజులకీ తిట్లు బాకీ ఉన్నాయి" అంది. "తీరిగ్గా తిడతాను. చాలా ఏళ్ళు పడుతుంది."

పైనుంచి ఆయాసంతో, గర్వంతో కేక వినిపించింది. "ఎక్కేశానోయ్! మీరు పైకొస్తారా, ఆ మలుపులోనే కాపురం పెడతారా?"

ఫిలొమెనా కతెల్లో చెయ్యి అందుకుంది.

"వస్తున్నాం నాన్నా, ఇద్దరం!"