ట్యూబులో చుట్టిన వెండి

"ఇది అల్పాకా," అంది ఎల్విరా, నేను చేసిచ్చిన కంకణాన్ని నా బల్ల మీదే విసిరికొట్టి.

అల్పాకా అంటే రాగీ నికెలూ కలిపిన దొంగ వెండి. మెక్సికోలో వెండికి పేరుపడ్డ మా టాస్కోలో వెండిపని చేసేవాణ్ణి తాగుబోతనండి, సోమరిపోతనండి, నవ్వి ఊరుకుంటాడు. ఆ ఒక్క మాట మాత్రం అనకూడదు. ఇంకెవరైనా అనుంటే సుత్తి ఎక్కడ పడేదో నాకే తెలియదు. అన్నది ఆదివారం మా నాన్న రొట్టెలూ చాక్లెట్టూ పట్టుకెళ్ళి నాకిచ్చి పెళ్ళి చేయమని అడగబోయే పిల్ల.

"మళ్ళీ అను."

"అల్పాకా. చూడు, బొగ్గులా ఎలా అయిందో. మా అమ్మమ్మ ఏమందో తెలుసా? ఇచ్చినవాడి మనసు నల్లనైతే వెండి నల్లబడుతుందట. ఆదివారం తలుపు తీయనంది."

"మీ అమ్మమ్మ టైర్లకి పంక్చర్లు వేసుకోక వెండి గురించి ఎందుకు?"

"నోరు జాగ్రత్త, ఫెర్మీన్."

కంకణం చేతిలోకి తీసుకున్నాను. నిజంగానే నల్లబడింది. కానీ నా ఒళ్ళు మండింది నలుపు చూసి కాదు. దాని నిండా గీతలు.

"ఎవరు గీకారు దీన్ని?"

"అమ్మమ్మే. పళ్ళపొడి వేసి, గిన్నెలు తోమే ఇనప పీచుతో తోమింది. అయినా పోలేదు."

"ఇనప పీచుతోనా? అది మా అమ్మ కమ్మలు కరిగించి చేసిన కంకణం. ఆమె పోయాక మాకు మిగిలిన వెండి అంతే. దాన్ని మీరు మాడిన మూకుడు తోమినట్టు తోమారు."

ఎల్విరా నా చేతిలోని కంకణం మీద గీతల్ని వేలితో తడిమింది.

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాలా? చెబితే తప్ప నమ్మవా?"

బయట వాన మొదలైంది. సంగతి వాళ్ళ అమ్మమ్మ ముందే తేల్చుకుందామని, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కొండ దిగాం. రాళ్ళ రోడ్డు మీద తెల్ల టాక్సీలు మా మీద నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. తడిసి ముద్దయినా నా కోపం చల్లారలేదు. ఆ టాక్సీల టైర్లన్నీ బాగుపడేది ఎల్విరా వాళ్ళ షాపులోనే. గుమ్మంలో వాళ్ళ అమ్మమ్మ డోన్యా చోన రెంచి పట్టుకుని నిలబడి ఉంది.

"వచ్చాడమ్మా అల్పాకా అల్లుడు," అంది.

నేను ఎల్విరా వైపు తిరిగి అడిగాను.

"పని చేసేటప్పుడు దీన్ని ఎక్కడ పెడతావు?"

"గీతలు పడతాయని తీసేస్తాను."

"తీసి?"

"మెత్తగా ఉంటుందని పాత టైరు ట్యూబు ముక్కలో చుట్టి, సొరుగులో పెడతాను." గొంతు తగ్గింది. "రోజూ."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పిచ్చిది, దాచుకుని దాచుకుని పాడుచేసింది.

"రబ్బరులో గంధకం ఉంటుంది. వెండికి అదే శత్రువు. గుడ్డు సొన తగిలినా నల్లబడుతుంది, మంచి వెండి కాబట్టే నల్లబడుతుంది."

"కథలు," అంది డోన్యా చోన.

జేబులోంచి కొత్త వెండి రేకు ముక్క తీశాను. పంక్చరుకు వాడే పచ్చి రబ్బరు మధ్య పెట్టి, వేడి ప్రెస్సులో బిగించాను. కాసేపాగి ఊడదీస్తే రేకు కంకణానికి తోబుట్టువులా నల్లగా ఉంది.

ముసలావిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది. తర్వాత తన చెయ్యి నా ముక్కు కిందికి చాపింది.

"మరి దీని మాటేమిటి? మా ఆయన పెట్టిన ఉంగరం. నలభై ఏళ్ళుగా ఈ రబ్బరు మధ్యే ఉంది. దీనికి రాలేదే నలుపు?"

చూశాను. మెరుపు అడుగున సన్నటి పసుపు ఛాయ. ఒక్క చూపు చాలు, అచ్చమైన అల్పాకా.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. నన్ను అన్న మాటే, తిరిగి ఆవిడ మొహాన కొట్టొచ్చు. ఎల్విరా చేతులు కట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది. దవడలు నొప్పి పుట్టేలా పళ్ళు బిగించాను.

"ఒంటి మీదున్న వెండి అంత తొందరగా నల్లబడదు అమ్మమ్మగారూ. మీరు ఒక్కపూట కూడా తీసుండరు."

డోన్యా చోన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎల్విరా, లోపలికెళ్ళి మొక్కజొన్న తమాలెలు ఉడికించే గిన్నె పట్రా. వేడినీళ్ళూ వంటసోడా కూడా," అంది. వెండి నలుపు వదిలించే పద్ధతి ఆవిడకు తెలియక కాదన్నమాట, కంకణం వెండిదని నమ్మక. మనవరాలు లోపలికి వెళ్ళగానే నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది.

"ఇది అల్పాకా అని నీకు తెలిసింది."

నేను నేల చూశాను.

"నాకు పెళ్ళైన ఏడాదే తెలిసింది. నాకు తెలుసని ఆయన పోయేదాకా ఆయనకు తెలియనివ్వలేదు. నువ్వా మాట అనుంటే ఈ రెంచి నీ నెత్తిన పడేది. ఎల్విరాకు చెబితే ఇప్పుడైనా పడుతుంది." చొక్కా వదిలింది. "ఆదివారం మీ నాన్నను రమ్మను."

ఎల్విరా అల్యూమినియం గిన్నె తెచ్చింది. సోడా కలిపిన వేడినీళ్ళలో కంకణం గిన్నెకు తగిలేలా వేశాను. కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది, నలుపు నెమ్మదిగా వదిలింది.

"అన్నిటికీ ఇలా చేయకు. రాళ్ళున్న నగలు పాడవుతాయి. మామూలుగా మెత్తటి గుడ్డ చాలు."

"ఈ గీతలో?"

"పాలిష్ పెడితే పోతాయి."

"ఉండనీ. మీ అమ్మ కమ్మలన్నావుగా, ఇక ఎవరూ గీకొద్దు." చెయ్యి చాపి తొడిగించుకుంది. మొహంలో కోపం ఇంకా పూర్తిగా పోలేదు. "మరి పనిలో ఉన్నప్పుడు ఎక్కడ పెట్టుకోవాలి?"

"పొద్దున నా దగ్గర ఇచ్చి వెళ్ళు. సాయంత్రం వచ్చి తీసుకో."

"రోజూ ఆ కొండ ఎక్కాలా?"

"తిట్టుకుంటూ ఎక్కు. నాకు వినిపిస్తుంది."

ఎల్విరా నవ్వు ఆపుకోలేకపోయింది. వెనక డోన్యా చోన మమ్మల్ని చూడనట్టే, ఉంగరాన్ని ముందు కట్టుకున్న ఏప్రన్‌కు రుద్దుకుంటోంది.