గవరయ్య అడిగిన ముద్ద

భానుమతి లేచేసరికే తల్లి సన్యాసమ్మ మెత్తగా అన్నం వండి, పలచగా చేపల పులుసు కాచి కేరియరు సర్దేసింది. వద్దంటే వినే మనిషైతే కదా! కలకత్తా ఖిదిర్‌పూర్ రేవులో ముప్పయ్యేళ్ళు బస్తాలు మోసిన తండ్రి గవరయ్యకు ఊపిరితిత్తుల్లో కేన్సరు. ఇక మందుల్లేవనీ, బాధ తెలియకుండా చూడటమే మిగిలిందనీ డాక్టరు చెప్పేశాడు. మింగలేడు, బలవంతాన పెట్టొద్దని కూడా మరీమరీ చెప్పాడు.

తల్లీకూతుళ్ళు బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళారు. భానుమతి మందులచీటీ పట్టుకుని అటు వెళ్ళిందో లేదో, సన్యాసమ్మ ముద్ద కలిపి మొగుడి నోట్లో పెట్టేసింది. గవరయ్యకు పొలమారింది. కళ్ళు తేలేశాడు. వార్డంతా అక్కా అన్నట్టు 'దీ' చేర్చి పిలిచే నర్సు మాలతీదీ పరుగున వచ్చి, పక్కకి తిప్పి, నోరు శుభ్రం చేసింది. కాసేపటికి ఊపిరి కుదుటపడింది గానీ భానుమతికి ఒళ్ళు మండిపోయింది.

"అయ్యని నువ్వే సంపేస్తావేటమ్మా?"

వార్డంతా ఇటు తిరిగింది. సన్యాసమ్మ ఎంగిలి చేత్తో అలాగే నిలబడిపోయింది.

"ఆకలితో పంపించీమంటావేటే? ఆయన తినకండా నానెప్పుడైనా తిన్నానా?"

అప్పుడు చూసింది భానుమతి తల్లి ముఖంలోకి. బుగ్గలు పీక్కుపోయాయి. మొగుడు తిండి మానిన నాలుగు రోజుల్నుంచీ ఆవిడా టీనీళ్ళతోనే ఉందని ఎవరికీ తట్టనే లేదు. అంతమాట అన్నందుకు భానుమతికి సిగ్గేసింది.

మాలతీదీ ఇద్దరినీ కోప్పడలేదు. ఎదురు మంచం ముసలాయన ఫుట్‌బాల్ వింటానంటే రేడియో తెప్పించిన మనిషి ఆవిడ. అందరూ మీకు తోచింది చేస్తున్నారు, ఆయనకేం కావాలో అడిగారా అంది. గవరయ్యకు హిందీ, బంగ్లా జారిపోయి తెలుగొక్కటే మిగిలింది. అందుకని భానుమతే వంగి అడిగింది.

"దాన్ని తినమను," అన్నాడు గవరయ్య. "నా ముందల. నాను పోయాక మరి తినదది."

ఆ మాటను భానుమతి మాలతీదీకి బంగ్లాలో చెప్పింది. రోగుల్ని చూసే వేళ దాటిపోతున్నా మిమ్మల్నెవరూ లేపరని చెప్పి, మాలతీదీ తెర లాగి స్టూలు వేసింది.

నలభై రెండేళ్ళ కాపురంలో సన్యాసమ్మ మొగుడికంటే ముందు తిన్నది లేదు, అతని ఎదుట తిన్నదీ లేదు. స్టూలు మీద కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. గవరయ్య కళ్ళార్పకుండా చూశాడు.

"ఉప్పు సరిపోయిందేటే?"

ఇన్నేళ్ళూ ఆ మాట తను అడగడమే తప్ప, తననెవరైనా అడుగుతారని ఆవిడ అనుకోలేదు.

"సరిపోనాది," అంటూ సన్యాసమ్మ భోరుమంది. ఏడుస్తూనే ఇంకో ముద్ద కలిపింది.