గడ్డం కింది కట్టు

కంఠేశ్వర్ క్లినిక్‌లో ముడతలు పోయేలా మొహం బిగించే ఆపరేషన్ చేయించుకుని, మరునాడు ఆటోలో బోధన్ ఇంటికి చేరింది సుమిత్రమ్మ. చెంపలు ఉబ్బినయి. చెవుల చుట్టూ మొద్దుబారి, మొహం తనది కానట్టే ఉంది. గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా తెల్లటి కట్టు.

"వాపు మెల్లగ తగ్గుతది. తల ఎత్తుగ పెట్టుకొని పండుకో. రేపు నేనొచ్చేదాక కట్టు విప్పకక్కా, లోపల నెత్తురు చేరితే మొహం పాడైతది" అని మరీమరీ చెప్పి పంపింది నర్సు సవిత. "నవ్వొద్దు కూడ."

"నవ్వేటందుకు ఇంట్ల ఎవరున్నరు సవితా?"

పెనిమిటి నాగేందర్ ఏండ్ల తర్వాత మస్కట్ నుంచి వస్తున్నాడు. మొన్న ఫోన్లో ఆమె మొహం చూసి, "ఏందే, అచ్చం మీ అవ్వ లెక్కనే అయినవ్" అని నవ్వాడు. ఆ నవ్వు మనసులో ముల్లులా దిగింది. ఎవరికీ చెప్పకుండా ఆపరేషన్‌కు పోయింది.

పొద్దుగూకింది. మబ్బు పట్టి కరెంటు పోయింది. కోసిన చెరుకు తోటలో ఆకు కాలుస్తున్న వాసన కిటికీలోంచి వస్తోంది. దుప్పటి కప్పుకుని దిండ్లకు ఒరిగి కూర్చుంది. ఆ వాసనలో ఎప్పుడు కలిసిందో... పసుపు నీళ్ల వాసన. తడి చీర నేల మీద ఈడ్చిన చప్పుడు.

మంచం కాళ్ల దిక్కు కిర్రుమంది.

"బిడ్డా... నువ్వు గూడ వచ్చేసినవా?"

పోయినేడు చనిపోయిన కన్నతల్లి సాయవ్వ గొంతు. ఆనాడు నోరు తెరుచుకోకుండా అవ్వ గడ్డానికీ నెత్తికీ కలిపి తెల్లగుడ్డ కట్టింది సుమిత్రమ్మే. ఇప్పుడు తనకూ అట్లాంటి కట్టే.

"అవ్వా... నేను సావలే." బిగిసిన దవడల్లోంచి గుసగుసగా వచ్చింది మాట.

"నేను గూడ గదే అన్న బిడ్డా. నువ్వు ఇనలే, గుడ్డ కట్టుకుంటనే పోయినవ్."

చల్లటి చేతులు రెండు పాదాలనూ ఒక్కచోటికి లాగాయి.

కట్టు విప్పితే మొహం పోతుంది. నాగేందర్ మళ్లీ అట్లాగే నవ్వుతాడు. విప్పకపోతే...

వేళ్లతో ముడి వెతికి పట్టుకుంది. లాగేసింది. చెంప లోపల వెచ్చగా ఏదో జారింది.

"సూడవ్వా... బతికే ఉన్న."

చేతులు వదిలాయి. పసుపు వాసన పోయింది.

కరెంటు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. సవితకు ఫోన్ చేద్దామని మంచం దిగబోయింది. కాళ్లు విడివడలేదు. దుప్పటి తీసింది.

రెండు కాళ్ల బొటనవేళ్లూ కలిపి కట్టి ఉన్నాయి. తెల్లగుడ్డ పేలికతో.

ముడి ఇంకా తడిగానే ఉంది.