ఉత్తరపు గేటు దగ్గర విజిల్

అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డున పాడుబడ్డ ఫుట్‌బాల్ మైదానం ఒకటి ఉంది. దాని ఉత్తరపు గేటు పక్కనుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. నడిచినా ఈల వెయ్యరు. లోపల ఎవరో పరిగెడుతున్న చప్పుడు వినిపిస్తుందట... దగ్గరికొస్తూ, ఇంకా దగ్గరికొస్తూ — ఠక్కున ఆగిపోతుందట.

ముందు ఆ ఆట సంగతి ఒకటి తెలుసుకోవాలి. అది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని అవతలి గీత దాటాలి. బంతితో పరిగెత్తేవాణ్ణి అవతలివాళ్ళు పడగొట్టినప్పుడు, మోకాలు నేలకి తగిలిందంటే రిఫరీ విజిల్ ఊదుతాడు. విజిల్ మోగిందా, ఆట అక్కడికి చచ్చినట్టే. పొరపాటున మోగినా అంతే. జారిన మాటని ఏరుకోగలమా? ఇదీ అలాంటిదే.

చాలా ఏళ్ళ కిందట, ఛాంపియన్‌షిప్ ఆటలో, ఆఖరి పరుగులో, స్టానెక్ అనే రిఫరీ ఆ పొరపాటే చేశాడు. ఊరి జట్టు కుర్రాడు కర్టిస్ బొహానన్ తూలాడు. మోకాలు మంచుకి ఇంకా బెత్తెడు ఎత్తులోనే ఉంది — విజిల్ మోగింది! బొహానన్ నిలదొక్కుకుని గీత దాటాడు. చెల్లలేదు. ఊరు ఓడింది. బొహానన్‌కి మరో అవకాశం రాలేదు. కిందటి చలికాలం పోయాడు. పరుగు చప్పుడు మొదలైంది అప్పట్నుంచే.

ముసలి స్టానెక్‌కి ఆ కబురు తెలిసింది. బొహానన్ అక్క థెల్మా నడిపే బారుకి వెళ్ళాడు. జనం ముఖాలు తిప్పుకున్నారు.

“ఈసారైనా కళ్ళజోడు తెచ్చుకున్నావా?” అన్నాడొకడు మూలనుంచి.

థెల్మా గ్లాసు పెట్టలేదు. “ఎందుకొచ్చావ్?”

“క్షమించమని అడుగుదామని, అమ్మా...”

“నాకెందుకయ్యా నీ క్షమాపణ? వాడక్కడ పరిగెడుతున్నాడు. ఆపినవాడే దారివ్వాలి, లేకపోతే వాడికి విముక్తి లేదు. వెళ్ళి నిలబడు. నువ్వేం చెయ్యక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. అదైనా చేతనవుతుందా?”

స్టానెక్ మెడలోని విజిల్ తీసి బల్ల మీద పెట్టాడు. “ఇది నీ దగ్గరే ఉండనీ.”

ఆ రాత్రి ఉత్తరపు గేటు తుప్పు రాలుస్తూ తెరుచుకుంది. పిచ్చిగడ్డి మీద మంచు. పాత గీత ఉండాల్సిన చోట నిలబడ్డాడు. గాలి లేదు... కుక్క అరుపు కూడా లేదు.

ధబ్... ధబ్... ధబ్...

మనిషి లేడు. మంచు మీద అడుగులు మాత్రం పడుతున్నాయి, ఒకదాని ముందొకటి — అతనివైపే. ఎవరిదో రొప్పు వినిపిస్తోంది.

‘రా నాయనా... దాటెయ్. ఈసారి నేను ఊదను.’ పళ్ళు బిగించాడు.

ఇంక రెండంగలు. అక్కడ అడుగు జారింది. మంచులో మోకాలంత గుంట పడబోయి —

కీచుమంది విజిల్!

అడుగులు ఆగిపోయాయి.

ఎవరూదారు? స్టానెక్ తల తిప్పి చూశాడు. ఎవరూ లేరు. చెయ్యి నోటి దాకా వెళ్ళింది. పళ్ళ మధ్య... చల్లటి ఇనుము. బారులో, బల్ల మీద వదిలొచ్చిందే.

చెవి పక్కన, వేడి ఊపిరితో ఎవరో గుసగుసలాడారు —

“మళ్ళీనా, స్టానెక్?”

దూరంగా, మైదానం అవతలి కొసలో, పరుగు మొదలైంది.