చెంచా కట్టిన రేడియేటర్

మంచం పట్టిన మనిషి లోపల్నుంచి పిలిస్తే "వస్తున్నా" అని కేకేసి, కూర్చున్నచోటి నుంచి కదలవు చూడు — నీకే చెబుతున్నాను ఈ కథ. చూపు పక్కకి తిప్పుకోకు. విను.

యార్క్‌షైర్ కొండల కింద, మూతబడ్డ ఉన్ని మిల్లు వెనకాల టెంటర్ వీధి ఉంది. ఆ వీధి చివరి ఇంటి ముందు చలికాలంలో ఎవరూ నిలబడరు. అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి. ఇళ్లలో హీటింగ్ వెలిగే వేళ ఆ ఇంట్లోంచి వినిపించేది...

టక్. టక్. టక్.

మూడే.

ఆ ఇల్లు విల్‌ఫ్రెడ్ బారక్లఫ్‌ది. చిన్నప్పుడే తల్లి పోతే అక్క ఎనిడ్ పెంచింది అతన్ని. ముసలితనంలో ఆమెకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మేడగదిలో పడుకోబెట్టి, మంచం పక్కన, గొట్టంలో వచ్చే వేడినీళ్లతో గదిని వెచ్చబరిచే ఇనప రేడియేటర్‌కి ఉన్ని దారంతో ఒక చెంచా కట్టారు. ఏం కావాలన్నా ఆ చెంచాతో మూడుసార్లు కొట్టేది. ఆ చప్పుడు గొట్టం వెంట దిగి, కింద వంటింటి గోడలో పలికేది. ఆమెకి మిగిలిన గొంతు అదొక్కటే.

ఒక జనవరి సాయంత్రం విల్‌ఫ్రెడ్ టీవీలో స్నూకర్ చూస్తున్నాడు.

టక్. టక్. టక్.

"ఆగవే అక్కా... ఆట అయిపోనీ."

మళ్లీ కొట్టింది. మళ్లీ... అతను టీవీ సౌండ్ పెంచాడు. కాసేపటికి చప్పుడు ఆగింది. ఆట అయ్యాక టీ కలుపుకుని, అది తాగి మరీ మేడెక్కాడు.

ఎనిడ్ నేల మీద ఉంది. చెంచా చేతిలోనే ఉంది. రేడియేటర్ మీద పెయింటు పెచ్చులుగా రాలిపోయింది.

"అరగంట ముందు చూసి ఉంటే బతికేది," అన్నాడు డాక్టరు.

"పిలవలేదండీ," అన్నాడు విల్‌ఫ్రెడ్.

పాతిపెట్టి వచ్చిన సాయంత్రమే, హీటింగ్ వెలగగానే మొదలైంది. టక్. టక్. టక్. మేడ మీద ఎవరూ లేరు.

పక్కింటి డోరీన్ రోజూ అతనికి రాత్రి భోజనం ఇచ్చి వెళ్లేది. చప్పుడు పలికే ఆ గోడ ఇద్దరి వంటిళ్లకీ ఉమ్మడి. ఒకరోజు గిన్నె కింద పెడుతూ గొంతు తగ్గించి అంది. "విల్ఫ్... ఎనిడ్ పిలుస్తోందయ్యా."

"పాత గొట్టం చప్పుడమ్మా అది. విననట్టు ఉండు. నేనూ అంతే."

వీధంతా అదే నేర్చుకుంది. ఆ ఇంట్లో చప్పుడైతే విననట్టు ఉండటం.

తరవాతి శీతాకాలం ఆ నీళ్లు కాచే బాయిలర్ పాడైపోయింది. ప్లంబర్ గోర్డన్ వచ్చి ఇల్లంతా చూశాడు.

"బాయిలర్ ఒక్కటి మారిస్తే చాలు పెద్దాయనా. గొట్టాలు మంచి రాగివి, నీకంటే గట్టిగా ఉన్నాయి. లోపల మడ్డి కడిగేస్తాను."

"అన్నీ పీకెయ్. ప్లాస్టిక్‌వి వెయ్."

"గొట్టాలు చప్పుడు చేస్తున్నాయనా? వేడికి గొట్టం సాగి చెక్కకి రాసుకుంటుంది, అంతే. కింద కాస్త ఉన్నిగుడ్డ పెడితే నోరు మూసుకుంటుంది. నేల చెక్కలన్నీ ఎందుకు లేపడం?"

"పీకెయ్ అన్నానా!"

గోర్డన్ పనిముట్లు తీసుకుని మేడెక్కాడు. మేడగదిలో నేల చెక్క లేపి... అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు.

గొట్టం పొడవునా ఉన్నిగుడ్డ చుట్టే ఉంది. ఎక్కడా చెక్కకి తగలటం లేదు.

"ఇది చప్పుడు చేసే గొట్టం కాదే..." అని గొణిగాడు. విల్‌ఫ్రెడ్ గుమ్మంలో నిలబడి విన్నాడు. పాలిపోయాడు.

రాగి గొట్టాలు పెరట్లో గోడకి చేరాయి, పాతసామాన్లవాడి కోసం. పాత రేడియేటర్‌ని ప్లాస్టిక్ గొట్టాలకి తగిలించి, చెంచాని ఎక్కడిదక్కడే వదిలేశాడు గోర్డన్.

ఆ సాయంత్రం హీటింగ్ వెలిగింది. విల్‌ఫ్రెడ్ ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

ఏమీ లేదు.

మూడు వారాలు హాయిగా నిద్రపోయాడు. గది వెచ్చగా ఉందని అక్క మంచం మీదకే మారాడు కూడా.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మంచం దిగబోతే కుడికాలు స్వాధీనంలో లేదు. కుడిచెయ్యి లేదు. నేల మీద పడ్డాడు. కేకెయ్యబోయాడు... నాలుక తిరగలేదు.

కింద తలుపు తెరుచుకుంది. "విల్ఫ్! మాంసం కూరిన రొట్టె తెచ్చాను. వేడిగా ఉంది, దిగు."

డోరీన్ అడుగులు, గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడు, కుళాయి తిప్పడం — అన్నీ అతనికి వినిపిస్తున్నాయి. ఎడంచేత్తో తడుముకుంటే చెంచా దొరికింది. కొట్టాడు. మూడుసార్లు. బలమంతా పెట్టి మళ్లీ మూడుసార్లు.

ప్లాస్టిక్ ఆ చప్పుడుని మింగేసింది.

కింద డోరీన్ చెవి ఒగ్గి విన్నది. పలుకు లేదు. "అలిగాడేమో ముసలాడు," అనుకుని తలుపు దగ్గరికి లాగి వెళ్లిపోయింది.

ఇంటికెళ్లి చేతులు తుడుచుకుంటోంది. అప్పుడు, వెనక పెరట్లోంచి...

టక్. టక్. టక్.

కిటికీలోంచి చూసింది. విల్‌ఫ్రెడ్ పెరట్లో మనిషి లేడు. మంచు పట్టిన పాత రాగి గొట్టాల కుప్ప, అంతే. చప్పుడు ఆ కుప్పలోంచే వస్తోంది. ఏ గోడలోనూ లేనివి, దేనికీ అతకనివి...

డోరీన్ తెర లాగేసింది. "విననట్టు ఉండాలి, విననట్టు ఉండాలి," అని గొణుక్కుంటూ టీవీ సౌండ్ పెంచింది. మర్నాడు భయంతో ఆ గుమ్మం తొక్కలేదు. ఆ రాత్రీ చప్పుడైంది. తెల్లవారుజామున ఆగింది.

మూడోరోజు కొత్త బాయిలర్ ఎలా ఉందో చూద్దామని గోర్డన్ వచ్చాడు. వంటింట్లో డోరీన్ తెచ్చిన రొట్టె ముట్టకుండా ఉంది. మేడ మీద గది వెచ్చగా ఉంది. విల్‌ఫ్రెడ్ చేతిలో చెంచా కాడ వంకర తిరిగిపోయింది.

రెండు రాత్రులు బతికే ఉన్నాడన్నాడు డాక్టరు. రెండు రాత్రులూ పిలిచాడు. ఆ పిలుపు కిందికి మోసుకెళ్లే గొట్టం ఆ ఇంట్లో ఒక్కటీ లేదు. తనే పీకించాడు.