జానెడు గడియ

"తలుపు ఎవరూ ముట్టుకోకండి!" అని నాన్న కేకేశాడు. వీధి తలుపు గడియకు తాళం తగిలించే కొక్కెం పుటుక్కున విరిగి ఆయన చేతిలోకి వచ్చేసింది. తలుపు పాతది, గడియకూ అదే వయసు.

మర్నాడు పొద్దున్నే అందరూ అత్త వాళ్ళ ఊరు వెళ్ళాలి. అత్తకు పాప పుట్టింది. నానమ్మ ఆ మనవరాలిని ఇంకా చూడనే లేదు. నిన్ననే బట్టలు సర్దుకుని కూర్చుంది.

"తాళం పడని ఇంటిని వదిలి ఎలా వెళ్తాం? మీరు వెళ్ళి రండి. నేను కాపలా ఉంటాలే," అంది నానమ్మ. నవ్వుతూనే అంది కానీ, కళ్ళలో మాత్రం నవ్వు లేదు.

"నువ్వు ఉండిపోవడమేంటి? ఇప్పుడే కొత్త గడియ తెచ్చేస్తా!" అంది హడావిడి.

ఆ పిల్లను ఇంట్లో అసలు పేరుతో ఎవరూ పిలవరు. పని చెప్పేలోపే పరిగెత్తే పిల్లకు ఇంకేం పేరు పెడతారు మరి!

"ఆగు, పాతది ఊడదీసి ఇస్తా. షాపులో చూపించు," అన్నాడు నాన్న.

"ఆ తుప్పు ముక్క ఎందుకు నాన్నా? సరిగ్గా జానెడుంది, ఇదిగో!" అని గడియ మీద వేళ్ళు చాపి చూపించి, తుర్రుమంది.

వీధి చివర హార్డ్‌వేర్ షాపు.

"జానెడు గడియ ఇవ్వండి అంకుల్."

షాపాయన తన వేళ్ళు చాపి, గడియల మీద పెట్టి చూసి, ఒకటి తీసిచ్చాడు.

ఇంటికొచ్చి పాతదాని మీద పెట్టి చూస్తే అది బాగా పొడుగు. ఒక స్క్రూ చిల్లు కలిస్తే ఇంకోటి కలవడం లేదు.

"ఎవరి జానతో కొలిచారు?" అడిగాడు నాన్న.

"షాపు అంకుల్ జానతో," అంటూ తన చెయ్యి చూసుకుంది హడావిడి. "కొత్త చిల్లులు పెట్టేద్దామా?"

"చుట్టూ చెక్క పుచ్చిపోయింది. స్క్రూలు నిలవవు. పాత చిల్లులే దిక్కు."

లోపల నానమ్మ సంచిలోంచి బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెడుతోంది. హడావిడి అది చూసింది. పాపను చూడకుండా నానమ్మ ఆగిపోతే అది తన తొందర వల్లే.

ఈసారి పరిగెత్తలేదు. స్క్రూడ్రైవర్ తెచ్చుకుని, నాన్న పట్టుకుంటే పాత గడియను తనే ఊడదీసింది. గుమ్మానికి ఉన్న రింగునూ తీసింది. కడ్డీ దూరేది అందులోనే కదా! పొడుగు గడియతో సహా అన్నీ కాగితంలో చుట్టుకుని షాపుకు నడిచింది.

"ఈ రకం ఇప్పుడు రావడం లేదమ్మా," అంటూనే షాపాయన అడుగున ఉన్న డబ్బాలన్నీ వెతికాడు. ఒక గడియ తీసి పాతదాని మీద పెట్టాడు. చిల్లుల మీద చిల్లులు సరిగ్గా కూర్చున్నాయి.

"ఇంకేం, సరిపోయింది. తీసుకెళ్ళు."

హడావిడి కాళ్ళు అప్పుడే ఇంటివైపు తిరిగాయి. బలవంతాన వాటిని ఆపుకుంది.

"ఒక్క నిమిషం అంకుల్, రింగులో దూర్చి చూస్తాను."

కడ్డీ దూరలేదు. లావు ఎక్కువైంది.

"అమ్మో, నేనూ తొందరపడ్డానే!" అని షాపాయన గట్టిగా నవ్వి మళ్ళీ డబ్బాల్లో తల పెట్టాడు. తర్వాత తీసిన గడియకు చిల్లులూ కలిశాయి, కడ్డీ కూడా రింగులోకి హాయిగా జారింది. పొడుగు గడియను వెనక్కి తీసుకుని అదే ఇచ్చాడు.

సాయంత్రానికి నాన్న కొత్త గడియ బిగించేశాడు. బీరువాలోని బట్టలు మళ్ళీ సంచిలోకి వెళ్ళాయి. ఈసారి నానమ్మ కూనిరాగం తీస్తూ సర్దుకుంది.

పొద్దున్న అందరూ సంచులతో బయటికొచ్చారు. నాన్న కారు హారన్ కొడుతున్నాడు. "ఎక్కండి, ఎక్కండి!" అంటోంది అమ్మ. హడావిడి గడియ పెట్టి, తాళం వేసి, గట్టిగా లాగి చూసింది. మళ్ళీ ఒకసారి లాగి చూసింది.

అప్పుడు నానమ్మ సంచి అందుకుని, "పద నానమ్మా, పాప దగ్గరికి వెళ్దాం," అంది.